జడ పదార్థం, రెండు ముక్కలు

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకి షెడ్డులో ఐదు హెచ్‌పీ మోటారు ఒకటి విప్పుకుని కూర్చున్నాను. కాలిన తీగ లాగి పారేసి కొత్త తీగ చుట్టడం మొదలుపెట్టే వేళకి వదిన సైకిలు దిగింది. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, "చేతులు కడుక్కుని రా" అంది.

"ఏమైంది?"

"మోడెం చచ్చిందట. నిన్న ఇంజనీరు కాగితం మీద రాసిచ్చి మరీ వెళ్లాడు."

"చూడాలి."

"ఆ మాట మీ అన్న అంటే నెల అని అర్థం. నువ్వంటే ఎంత?"

"మధ్యాహ్నం దాకా."

"నాకున్నది పన్నెండు దాకానే."

చేతులు కడుక్కున్నాను.

వదినది విత్తన పరీక్ష గది. పందొమ్మిదేళ్లుగా ఆ గది ఆవిడ చేతి మీదే నడుస్తోంది. చుట్టుపక్కల ఎవరు విత్తనం అమ్మాలన్నా ముందు గుప్పెడు గింజలు ఆ గదికి వస్తాయి. నూటికి ఎన్ని మొలుస్తాయో, అందులో తాలు ఎంతో, మట్టి ఎంతో తేల్చి, ఆ ఫలితాన్ని పెద్దాఫీసుకి పంపాలి. ఇన్నాళ్లూ టపాలో పంపేవారు. ఈ పంట నుంచి టపా కుదరదు, ఫోను లైను మీద కంప్యూటరు నుంచి కంప్యూటరుకే రావాలి అని పెద్దాఫీసు ఉత్తరం రాసింది. మూడు శనివారాలు గడువు. మూడో శనివారం పన్నెండు గంటల లోపు ఫలితాలు రాని గదిని మూసేసి, పనినంతా పెద్దాఫీసులో కలిపేస్తారట. రెండు శనివారాలు అయిపోయాయి.

"మూసేస్తే?" అని దారిలో అడిగాను.

"నన్ను అక్కడికి రమ్మంటారు. రోజూ రెండు బస్సులు మారి వెళ్లాలి. నేనంటే వెళ్తాను. మా భూతద్దం అత్తయ్య అంత దూరం వెళ్లలేదు. ఆవిడ బల్ల ఇక్కడే ఉండాలి."

తరవాత వదిన సైకిలు ఇంకా గట్టిగా తొక్కింది.

ఆ గదిలోకి వెళ్తే ముందు తడి కాగితం వాసన వస్తుంది. ఎడమ వైపు గోడకి మొలక పెట్టె, బీరువా అంత ఉంటుంది. లోపల కాగితపు చుట్టలు నిలువుగా వరుసగా నిలబెట్టి ఉంటాయి. ఒక్కో చుట్టలో నూరు గింజలు. కిటికీ కింద గాజు తలుపుల చిన్న త్రాసు. దాని పక్కన దీపం వెలిగే పెద్ద భూతద్దం. ఆ భూతద్దం వెనకాల కూర్చునే ఆవిడని అందరూ భూతద్దం అత్తయ్య అంటారు. ఎవరికీ వరసకి అత్తయ్య కాదు. నమూనాలో గింజని ఒక పక్కకి, గింజ కానిదాన్ని ఒక పక్కకి పట్టకారుతో ఏరడం ఆవిడ పని. గింజ కానిది ఏదైనా, పుల్ల గాని, రాయి గాని, పురుగు కాలు గాని, దాన్ని జడ పదార్థం అంటారు. దాన్ని పారేయడానికి లేదు. తూచి, చిన్న కవరులో వేసి, పైన తేదీ రాసి దాచాలి.

కంప్యూటరు కుడి మూల ఉంది. మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీసి మీట వేశాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పైకి పోయాయి. లినక్స్, కంప్యూటరుని నడిపే ప్రోగ్రాము. నా షెడ్డులో ఉన్న పాత కంప్యూటరులోనూ అదే. మూతపడిన ఆఫీసు సామాన్లలో అది నాకు దొరికింది. దానితో ఏడాది కుస్తీ పట్టాను. ఇంగ్లీషు మాట్లాడ్డం నాకు రాదు. తెర మీద ఉన్నది ముక్క ముక్కగా చదువుకోవడం వచ్చు. పనికి అది చాలింది.

ఇంజనీరు రాసిన కాగితం తెర పక్కన గోడకి అతికించి ఉంది. మోడెం కార్డు పోయింది, మార్చాలి, కొత్తది రావడానికి ఆరు వారాలు.

"ఆరు వారాలకి నా బల్ల కూడా మారుస్తారు" అంది అత్తయ్య, తల ఎత్తకుండా.

మోడెం అంటే కంప్యూటరు మాటలని ఫోను తీగ మీద పోయే కూతలుగా మార్చే కార్డు. ఇది పెట్టె లోపలే బిగించే రకం, బయటికి కనపడదు. అది బతికి ఉందో లేదో చూడ్డానికి ఒక సులువుంది. ఏ, టీ అని రెండక్షరాలు కొట్టాలి. మోడెం ఓకే అనాలి.

కొట్టి చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"కొట్టావా?" అంది వదిన.

"కొట్టాను."

"ఏమంది?"

"ఇంకా అనలేదు."

తెర మీద నేను కొట్టిన అక్షరాలు కూడా పడలేదు. వదిన ఇంకో మాట అడగబోయి ఆగింది. అత్తయ్య పట్టకారు కింద పెట్టింది.

"ఆ ఇంజనీరు ఇంతసేపు ఆగలేదు" అంది. "కొట్టాడు, కొట్టాడు, మళ్లీ కొట్టాడు, లేచి వెళ్లిపోయాడు. ఇవాళ చుట్టిన కాగితం రేపే విప్పి చూసే మనిషి. అలాంటి చేతికి ఏం మొలుస్తుంది?"

ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది. తడి కాగితంలో చుట్టిన గింజని మొదటి లెక్క రోజున చూస్తారు, చివరి లెక్క రోజున చూస్తారు. చివరి లెక్క కాకుండా ఏ గింజనీ చచ్చిందని రాయకూడదు. రాస్తే వదిన ఊరుకోదు. అందుకని మేం ముగ్గురం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. ఎవరికీ తొందర అనిపించలేదు.

ముందు నేను కొట్టిన రెండక్షరాలు కలిసి పడ్డాయి. ఇంకాస్త ఆగి ఓకే అని పడింది.

వదిన గోడ గడియారం వైపు చూస్తూనే, "పదకొండు సెకన్లు" అంది.

"చావలేదు" అన్నాను.

"చావలేదు. వంకర మొలక" అంది వదిన. మొలిచినా సరిగ్గా మొలవని దాన్ని అలా రాస్తారు. "వంకర ఎందుకు వచ్చిందో చెప్పు."

నేను తెచ్చుకున్న సంచిలోంచి కాగితాలు తీశాను. లినక్స్ మీద మోడెం నడిపే పద్ధతి ఎవరో పుణ్యాత్ములు రాసి ఉచితంగా పెట్టారు. దాన్ని నేను అచ్చు వేయించి, దారంతో కుట్టుకుని ఉంచుకున్నాను. పదమూడో పేజీలో ఉంది. మోడెం జవాబు చెప్పడానికి పదేసి సెకన్లు పడితే దాని గంట నంబరు తప్పు.

"గంటా?" అంది వదిన.

"పెట్టెలో ఒక్కో కార్డుకి ఒక్కో గంట ఉంటుంది వదినా. కార్డుకి ఏదైనా చెప్పాలనిపిస్తే తన గంట కొడుతుంది. లినక్స్ లేచి వచ్చి వింటుంది. ఇప్పుడు లినక్స్ నాలుగో గంట దగ్గర చెవి పెట్టుకుని కూర్చుంది. కార్డు వేరే గంటేదో కొడుతోంది."

"మరి ఆ ఓకే ఎలా వచ్చింది?"

"ఎంతకీ గంట మోగకపోతే, ఎందుకైనా మంచిదని లినక్స్ ఒకసారి తలుపు తీసి చూస్తుంది. చూస్తే ఈ కార్డు గుమ్మంలో నిలబడి ఉంది."

"మీ అన్న ఇంటికొచ్చినట్టు" అంది వదిన. "తలుపు కొట్టడు. మనమే తీసి చూడాలి."

అత్తయ్య నవ్వింది. అప్పటికి తొమ్మిదీ నలభై.

మీట ఆపి, తీగలు పీకి, పెట్టె విప్పాను. మోడెం కార్డు అరచేయంత ఆకుపచ్చ పలక. దాన్ని బయటికి లాగి అత్తయ్య దీపం కిందకి తీసుకెళ్లాను. ఆవిడ లేచి చోటిచ్చింది గాని దూరంగా పోలేదు.

కార్డు అంచున జంటలు జంటలుగా సన్నటి ఇత్తడి రంగు ముళ్లు నిలబడి ఉన్నాయి. రెండేసి ముళ్లు ఒక వరుస. మొత్తం తొమ్మిది వరుసలు. పక్కన నంబర్లు అచ్చు వేసి ఉన్నాయి. ఎడమ వైపు నాలుగు వరుసలు దారి నంబర్లు, అంటే లినక్స్ ఏ దారిన కార్డు దగ్గరికి వెళ్లాలో చెప్పేవి, కుడి వైపు ఐదు వరుసలు గంట నంబర్లు. ఏ నంబరు కావాలో ఆ వరుసలోని రెండు ముళ్లనీ కలిపి ఒక చిన్న నల్ల టోపీ తొడగాలి. ఇక్కడ తొమ్మిది వరుసలూ బోడిగా ఉన్నాయి. కింద ఇంకా సన్నగా రాసి ఉంది. టోపీ లేకపోతే యంత్రం తన ఇష్టమొచ్చిన నంబరు ఇస్తుంది అని దాని అర్థం.

ఇచ్చిందన్నమాట. ఇచ్చి, లినక్స్‌కి చెప్పలేదు.

చేతులు పెట్టకుండా ఇంకాసేపు చూశాను. కార్డు ఎక్కడో అల్మారాలో చాలాకాలం ఉన్నట్టుంది. ముళ్ల మొదళ్లలో సన్నటి దుమ్ము పట్టి ఉంది. ఏడు వరుసల్లో పట్టింది. రెండు వరుసల్లో లేదు. ఎడమ నుంచి మూడోది, ఏడోది. ఆ రెండు జంటలూ నిన్న చేసినవాటిలా తళతళలాడుతున్నాయి.

"వదినా, ఈ కార్డు వచ్చాక ఎవరు ముట్టుకున్నారు?"

"ఇంజనీరు బిగించాడు."

"అంతకు ముందు?"

"పార్సిలు వచ్చింది. నేను సంతకం పెట్టాను. విప్పింది..." వదిన ఆగిపోయింది.

అత్తయ్య వైపు తిరిగింది.

"నేను విప్పాను" అంది అత్తయ్య. "ఈ గదిలోకి ఏ పొట్లం వచ్చినా ముందు నా బల్ల మీదకే రావాలి. ఇవాళ పెట్టిన పద్ధతి కాదది."

"విప్పి?"

"శుభ్రం చేశాను."

"అత్తయ్యా, దాన్ని కూడానా?" అంది వదిన.

"పలకంతా ఒక తీరుగా ఉంది. ముళ్లన్నీ వరుసగా ఉన్నాయి. రెండుచోట్ల నల్లగా ఏదో ఇరుక్కుని ఉంది. తొమ్మిదింటికీ ఉంటే దాని తీరే అంత అనుకునేదాన్ని. తొమ్మిదిలో రెండింటికే ఉంటే దాన్ని ఏమంటారు? ముప్పై ఏళ్లుగా నన్ను ఏరమన్నది దాన్నే కదా."

వదిన కుర్చీలో కూలబడింది. కోపం రాలేదు. నవ్వాలో ఏం చేయాలో తెలియని మొహం పెట్టింది. అత్తయ్య మొహంలో మాత్రం రంగు పోయింది. మూడు శనివారాలుగా ఈ గదిని ముంచుతున్నది తన పట్టకారే అని ఆవిడకి అప్పుడే తెలిసింది.

"తీసినవి ఉన్నాయా?" అన్నాను.

అడగకుండా ఉండాల్సింది. ఆవిడ నన్ను చూసిన చూపు అలాంటిది.

"ఉన్నాయా ఏమిటి అబ్బాయ్" అంది.

బల్ల కింది సొరుగు లాగింది. నిలువుగా పేర్చిన కవర్లు, తేదీల వారీగా. పేకముక్కలు తిరగేసినట్టు వేలితో తిరగేసి ఒకటి పైకి తీసింది. చిన్న గుండ్రటి అక్షరాలతో ఇలా రాసి ఉంది. నమూనా: పెద్దాఫీసు పంపిన ఆకుపచ్చ పలక, ఒకటి. జడ పదార్థం: నల్ల ముక్కలు రెండు. బరువు: సున్నా పాయింటు రెండు గ్రాములు. దొరికిన చోటు: ఎడమ నుంచి మూడో వరుస, ఏడో వరుస. కింద తేదీ, పొడి సంతకం.

కవరు అరచేతిలో బోర్లిస్తే రెండు నల్ల టోపీలూ పడ్డాయి. ఒక్కోటి జొన్నగింజ కంటే కాస్త పెద్దది.

పోయి ఉంటే నా సంచిలో రాగితీగ ఉంది, ముళ్లకి చుట్టి పని కానిచ్చేవాణ్ణి. కాని చుట్టిన తీగ ఎప్పుడో ఒక శనివారం వదులవుతుంది. ఆ శనివారం నేను ఉండను. ఉన్నదాన్ని దాని చోట పెట్టడం మేలు.

పెట్టబోయాను. మోటారు తీగలు లాగి లాగి మొద్దుబారిన వేళ్లు నావి. టోపీ ఒకసారి జారి బల్ల మీద పడింది. రెండోసారి కూడా పడింది.

"జరుగు" అంది అత్తయ్య.

కూర్చుంది. భూతద్దం కిందకి లాక్కుంది. పట్టకారుతో టోపీని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మూడో వరుస మీద దించింది. రెండోది ఏడో వరుస మీద దించి, పట్టకారు వీపుతో ఒకసారి నొక్కింది.

"తీసిన చెయ్యే పెట్టాలి" అంది.

మూడో వరుస పక్కన మూడో దారి అని, ఏడో వరుస పక్కన ఐదో గంట అని అచ్చు ఉంది. కార్డు మళ్లీ బిగించి మీట వేశాను. లినక్స్ లేచాక దానికి ఒక్క వరుసలో చెప్పాను. మూడో దారిలో ఉన్నవాడు నాలుగు కాదు, ఐదో గంట కొడతాడు. ఆ వరుసే ఒక ఫైల్లో కూడా రాశాను, లేచినప్పుడల్లా అదే చదువుకునేలా. వదిన ఆ వరుసని అక్షరం అక్షరం తన పుస్తకంలోకి ఎక్కించుకుంది. చుక్క ఎక్కడుందో, ఖాళీ ఎక్కడుందో రెండుసార్లు అడిగింది.

ఏ, టీ కొట్టాను. వేలు తీయకముందే ఓకే పడింది.

వదిన గడియారం చూడబోయి మానేసింది. "మంచి మొలక" అంది.

పదకొండూ ఇరవై ఐదు. ఫలితాల ఫైలు వదిన ముందే తయారు చేసి పెట్టింది. అరవై రెండు నమూనాలు. పంపమని కంప్యూటరుకి చెప్పబోతుంటే ఫోను మోగింది.

మోడెం తీగ, ఫోను తీగ రెండూ గోడలోని ఒకటే పెట్టెలోంచి వస్తాయి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారికి దారి ఉండదు. వదిన ఫోను తీసింది. అటువైపు గొంతు నాకు కూడా వినపడుతోంది. పెద్దాఫీసు ఆయన.

"ఏమ్మా, ఇంకా మీ గదిది రాలేదు."

"వస్తుంది సార్. మీరు పెట్టేస్తే వస్తుంది."

"అదేంటి?"

"రెంటికీ ఒకటే తీగ సార్. మీరు మాట్లాడుతున్నంతసేపూ అది మాట్లాడలేదు."

"సరే సరే. అందరివీ వచ్చేశాయి. మీది ఒక్కటే. నాకు ఆదుర్దాగా ఉంది."

"మీ ఆదుర్దా కూడా ఈ తీగ మీదే వస్తోంది సార్."

పెట్టేశాడు. నేను పంపమన్నాను. మోడెం ఫోను ఎత్తిన చప్పుడు, నంబరు నొక్కిన చప్పుళ్లు, ఆ తరవాత టుయ్ టుయ్ మని. అవతల లైను ఖాళీ లేదు. రెండు నిమిషాలాగి మళ్లీ కొట్టించాను. మళ్లీ టుయ్ టుయ్. మూడోసారి కొట్టబోతుంటే ఇవతల ఫోను మోగింది.

"ఏమ్మా, ఇంకా రాలేదేం?"

"ఏ నంబరు నుంచి మాట్లాడుతున్నారు సార్?"

ఆయన నంబరు చెప్పాడు. వదిన కళ్లు మూసుకుంది. మేం ఫలితాలు పంపాల్సిన నంబరు అదే.

"సార్, మీరు మా తలుపు తడుతూ మీ తలుపుకి అడ్డం నిలబడ్డారు" అంది.

"నాకర్థం కాలేదు."

"ఇక్కడ మా మరిది ఉన్నాడు, చెప్తాడు." ఫోను నా చేతిలో పెట్టింది.

"పెట్టేయండి" అన్నాను. "పన్నెండు దాకా ముట్టుకోకండి." నేనే ముందు పెట్టేశాను.

వదిన నా వైపు చూసింది. "ఇంట్లో మూడు రోజుల మాటలు ఒక్కసారే ఖర్చు పెట్టేశావు."

పదకొండూ నలభై నాలుగు. పంపమన్నాను. ఎత్తిన చప్పుడు, నంబరు, అవతల రెండుసార్లు గంట మోగడం, ఆపైన అటునుంచి సన్నటి కూత. దానికి ఇటునుంచి ఇంకో కూత. ఆ తరవాత రెండూ కలిసి బుసలు కొట్టడం మొదలుపెట్టాయి.

అత్తయ్య చీర కొంగు చేత్తో పట్టుకుంది. "పోట్లాడుకుంటున్నాయా?"

"ఎంత వేగంగా మాట్లాడుకోవాలో తేల్చుకుంటున్నాయి."

"తేల్చుకోనీ" అంది.

బుస ఆగిపోయింది. తెర మీద కలిశాం అన్న మాట పడింది. ఫైలు కదలడం మొదలైంది. పదిలో ఒక వంతు, రెండు వంతులు. ఆరు వంతుల దగ్గర ఆగింది. ముగ్గురిలో ఎవరం కదల్లేదు. ఆగితే ఆగనీ, ఈ గది వాళ్లకి ఆగడం అలవాటే. మళ్లీ కదిలింది. చివర అవతలి యంత్రం పంపిన ఒక్క వరుస పడింది. అరవై రెండు అందాయి. టైము పదకొండూ యాభై ఒకటి.

వదిన ఆ వరుసని అచ్చు తీయించి, కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని రెండుసార్లు చదివింది. ఒక మేకు వెతికి గోడకి కొట్టింది, ఇంజనీరు కాగితం పక్కనే. ఇంజనీరు కాగితం తీసేయలేదు. అది కూడా నమూనాయే అంది.

పన్నెండు దాటి రెండు నిమిషాలకి ఫోను మోగింది. నేను చెప్పిన మాట పాటించి ఆయన అప్పటిదాకా ఫోను ముట్టుకోలేదు. వచ్చాయట. గది గదిలాగే ఉంటుందట. వచ్చే శనివారం కూడా ఇలాగే పంపాలట.

"పంపుతాను సార్" అంది వదిన. "మీరు మాత్రం పన్నెండు తరవాతే ఫోను చేయండి."

నేను సంచి సర్దుకున్నాను. కుట్టిన కాగితాలు వదిన బల్ల మీదే వదిలేశాను, పదమూడో పేజీలో ఒక పుల్ల పెట్టి.

అత్తయ్య ఇంకా తన బల్ల దగ్గరే ఉంది. ఖాళీ కవరు ముందు పెట్టుకుని కూర్చుంది. ఆ గదిలో తప్పు రాస్తే రబ్బరు వాడకూడదు, కాగితం చింపకూడదు. అడ్డంగా ఒకటే గీత గీయాలి. కింద రాసింది కనపడుతూ ఉండాలి. పైన సరైన మాట రాసి సంతకం పెట్టాలి. ఆవిడ జడ పదార్థం అన్న మాట మీద స్కేలు పెట్టి గీత గీసింది. పైన మంచి గింజ అని రాసింది. తేదీ వేసి పొడి సంతకం పెట్టింది.

"బరువు కూడా మార్చాలా అత్తయ్యా?" అంది వదిన.

"బరువు సరిగ్గానే తూచాను" అంది అత్తయ్య. కవరుని తేదీ చూసి దాని చోట నిలబెట్టి, సొరుగు మూసింది. భూతద్దం మళ్లీ ముందుకి లాక్కుంది.